ఫిన్నుల హాల్లో నాన్న హార్మోనియం

పోయిన ఆదివారం మధ్యాహ్నం మా అమ్మాయి నన్నూ, నాన్ననీ కార్లో ఎక్కించుకుని ఫిన్‌లాండ్ జానపద సంగీతం వినిపించడానికి తీసుకెళ్ళింది. వర్జీనియాలో, ఆష్‌బర్న్‌లో మా ఇంటి నుంచి పదిహేను నిమిషాలు. దారి పొడుగునా కిటికీలు లేని డేటా సెంటర్లు. ఆ హాలూ అలాంటిదే, కాకపోతే దానికి జనం వెళ్ళే తలుపులున్నాయి.

స్టేజీ మీద నలుగురు. నలుగురి కాళ్ళకీ చెప్పుల్లేవు. మంచులో పుట్టినవాళ్ళు చెప్పుల్లేకుండా తిరుగుతారని వాళ్ళకి ఎవరు చెప్పారో తెలియదు. ఒకడు కంతెలెని గిటారులా మెడకి తగిలించుకుని గెంతుతున్నాడు. కంతెలె అంటే ఫిన్నుల వీణ అనుకోండి. ఒళ్ళో పెట్టుకుని వేళ్ళతో మీటే తీగల పెట్టె. దాన్ని మెడకి తగిలించుకోవడమంటే రుబ్బురోలు చంకన పెట్టుకుని ఊరేగడమే. ఇంకొకామె గుర్రపు వెంట్రుకలు తీగలుగా కట్టిన పాతకాలపు వాద్యం మీద కమాను లాగుతోంది. తోడేలుకి పంటినొప్పి వచ్చినట్టుంది. మధ్యమధ్య పొగ వదులుతున్నారు, అది అడవిట. అన్నిటికంటే ఘోరం ఒక లాప్‌టాప్. అందులోంచి హార్మోనియం చప్పుడు వస్తోంది.

"అమ్మా, సో ఆథెంటిక్ కదా," అంది మా అమ్మాయి కళ్ళు మూసుకుని.

నా పక్కన నాన్న, ఎనభై రెండేళ్ళ మనిషి, లాప్‌టాప్‌లో హార్మోనియం మోగినప్పుడల్లా రెండు పాదాలూ ఒకటి మార్చి ఒకటి నేలకేసి నొక్కుతున్నాడు. తొక్కుతున్నట్టు తనకే తెలియదు.

ఆ పాదాలు చూశాక ఇంక నేను ఆ హాల్లో లేను.

ముందే చెప్పేస్తున్నాను. నేను చెప్పేవాటిలో సగం కొట్టేసి వినాలని మా ఇంట్లో అందరికీ తెలుసు. కోడలిగా వచ్చినవాళ్ళకి మొదటిరోజే చెప్పేస్తారు. మీరూ అలాగే చదవండి, నాకు అభ్యంతరం లేదు.

నాకప్పుడు పదకొండేళ్ళు. మిషిగన్ రాష్ట్రం పైకొసన, పెద్ద సరస్సు ఒడ్డున, రాగి గనులు మూతపడిపోయిన ఊరు. నాన్న అక్కడి కాలేజీలో ఖనిజాల పాఠాలు చెప్పేవాడు. తవ్వడానికి ఊళ్ళో ఏమీ మిగలకపోయినా పాఠాలు మాత్రం సాగేవి. మే నెలలో కూడా మంచుండేది. మా ఇంటి మంచు ఎంత ఎత్తుండేదంటే, ఒక ఏడాది అమ్మ పొగగొట్టంలోంచి తల బయటపెట్టి పోస్ట్‌మన్‌తో మాట్లాడింది. ఆ ఊళ్ళో తెలుగువాళ్ళం మేము ముగ్గురం. మిగతా అందరూ తాతల కాలంలో రాగి తవ్వడానికి వచ్చిన ఫిన్నులు.

ఫిన్నులంటే మాట్లాడని జనం. మనవాళ్ళు ఇద్దరు కలిస్తే నాలుగు అభిప్రాయాలు. వాళ్ళు నలుగురు కలిసినా ఒక్క అభిప్రాయం ఉండదు, ఉన్నా బయటికి రాదు. వాళ్ళకి ఊరి చివర కొయ్యతో కట్టిన హాలు ఒకటుండేది. తడిసిన ఉన్ని కోట్ల వాసన, తారు వాసన, పెద్ద కెటిల్లో మరిగి మరిగి నల్లబడిన కాఫీ వాసన. వీటన్నిటి మీద ఏలకుల వాసన. ఏలకులు వేసి జడలా అల్లి కాల్చే తియ్యటి రొట్టె ఒకటి చేసేవాళ్ళు. దాని పేరు నీసు. పేరు విన్న తర్వాత మా అమ్మ దాన్ని ఆరు నెలలు ముట్టుకోలేదు. తర్వాత ముట్టుకుని మానలేదు. చక్కెర బిళ్ళ పళ్ళ మధ్య పెట్టుకుని సాసర్లో కాఫీ జుర్రేవాళ్ళు ముసలాళ్ళు. ఆ చప్పుడే ఆ హాల్లో వినిపించే సంభాషణ.

ఆ హాల్లోనే వాళ్ళ సంగీత మేళం. రెండు ఫిడేళ్ళు, నిలబెట్టి వాయించే ఒక పెద్ద బేసు, కంతెలె వాయించే ముసలావిడ, కాళ్ళతో తొక్కే హార్మోనియం. ఫిన్‌లాండ్‌లో వీళ్ళ పూర్వీకుల ప్రాంతంలో పెళ్ళిళ్ళకీ పండగలకీ ఇలాగే వాయించేవాళ్ళట. ఏం వాయించేవాళ్ళో నన్నడగండి. ప్రతి పాటా బయల్దేరుతుంది, గుమ్మం దాకా వెళ్తుంది, ఏదో మర్చిపోయినట్టు వెనక్కి వస్తుంది. మళ్ళీ బయల్దేరుతుంది. నాలుగుసార్లు అలా తిరిగి ఆగిపోతుంది. చప్పట్లుండవు. ఎవరో దగ్గుతారు. తర్వాతి పాట.

"ఇవన్నీ రెండే రాగాలు. ఒకటి శంకరాభరణం, రెండోది కీరవాణి," అని నాన్న తేల్చేశాడు. అవి రెండూ కాళ్ళు విరిగిన శంకరాభరణం, కీరవాణి అని నా ఉద్దేశం. అమ్మకి వీణ వచ్చు. ఆవిడ కంతెలెని ఒక్కసారి చూసి, మెట్లు లేవు, గమకం లేదు, ఇది బట్టలారేసుకునే తీగ అంది.

ఒకసారి రెండో ఫిడేలాయన కమానుకి నేను కొబ్బరినూనె రాశాను. ఆ ఊళ్ళో కొబ్బరినూనె ఏడాది పొడుగునా గడ్డకట్టే ఉండేది కాబట్టి రాయడం తేలిక. నూనె తగిలిన కమాను తీగ మీద జారిపోతుంది, పలకదు. ఆయన జంటలు గెంతుతూ తిరిగే పోల్కా పాట ఒకటి మొత్తం నిశ్శబ్దంగా వాయించాడు. మేళంలో ఎవరూ గమనించలేదు. ఆయనా గమనించలేదు.

ఆ ఏడాది చలికాలంలోనే హార్మోనియం వాయించే ముసలాయన పోయాడు. హార్మోనియం లేకపోతే మేళం లేదు, ఆ ఫిడేళ్ళని ఒకచోట కూర్చోబెట్టేది దాని శ్రుతే. నేర్చుకునే కుర్రాళ్ళు ఎవరూ లేరు, వాళ్ళందరూ ఐస్ హాకీ ఆడుకుంటున్నారు. దాని మీద ఒక బొంత కప్పి మూలన పెట్టేశారు. జూన్ నెల మధ్యవేసవి పండగకి మేళం ఉండదని ఊళ్ళో అనుకున్నారు. అనుకున్నారంటే, చెప్పుకోలేదు, అనుకున్నారు.

ఒక శనివారం బఠానీల సూప్ తాగడానికి హాల్‌కి వెళ్ళాం. నాన్న సూప్ గిన్నె పట్టుకునే మూలకి నడిచి, బొంత ఒక కొస ఎత్తి, గాలి కొట్టకుండా మెట్ల మీద వేళ్ళు నడిపించాడు. నాకప్పటిదాకా తెలిసిన నాన్న రాళ్ళ గురించి తప్ప మాట్లాడని మనిషి. ఆ రోజు ఆయన మొహం చూసి, వేరే ఎవరిదో చూసినట్టు సిగ్గేసి తల తిప్పుకున్నాను.

నా వెనక పెద్ద ఫిడేలాయన నిలబడున్నాడు. మేళానికి పెద్ద. తాడిచెట్టంత మనిషి. మీ నాన్న వాయిస్తాడా అని అడిగాడు. అది ఆ ఏడాదిలో ఆయన నాతో అన్న మొదటి మాట.

నిజం చిన్నది. నాన్న కాలేజీ రోజుల్లో రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో వేసే పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవాడు. జీతం లేదు, టిఫిన్ పెట్టేవాళ్ళు. ఇంత చిన్న నిజం చెప్పడం నాకు నామోషీ అనిపించింది. మా నాన్న రాజుగారి ఆస్థానంలో వాయించేవాడని చెప్పాను. అక్కడితో ఆగాల్సింది. రాజుగారి ఏనుగు మా నాన్న వాయిస్తేగాని మేత ముట్టేది కాదని కూడా చెప్పాను.

ఆయన చాలాసేపు ఆలోచించాడు.

"ఏనుక్కి ఏ శ్రుతిలో వాయించేవాడు?" అన్నాడు.

"ఎఫ్ షార్ప్," అన్నాను.

"మేం జీలో వాయిస్తాం," అన్నాడు. ఇంకాసేపు ఆలోచించాడు. "మంగళవారం. ఏడింటికి."

జీ అంటే మన లెక్కలో ఐదు శ్రుతి. నాన్నకి చెబితే, పద్యనాటకాల్లో కిరీటాలు పెట్టుకున్నవాళ్ళందరూ అందులోనే పాడేవాళ్ళని ఎగిరి గంతేశాడు. ఏనుగు సంగతి నేను చెప్పలేదు.

ఆ తర్వాత నాలుగు నెలలు మా ఇంట్లో మంగళవారం పండగ. నాన్న తన పాత బ్రీఫ్‌కేసు కోసి, ఆ తోలుతో హార్మోనియం గాలితిత్తికి మాసిక వేశాడు. తెగిన రీడు ఒకటి కాలేజీ లాబ్‌లో రాగి రేకుతో చేసి బిగించాడు. కారు నడుపుతూ కూనిరాగం తీసేవాడు. ఒకరోజు అమ్మకి కాఫీ కలిపిచ్చాడు. అమ్మ ఆ కప్పు పట్టుకుని, ఉద్యోగం ఏమైనా పోయిందా అని అడిగింది. ఆ ఫిన్నులు ఆయన్ని ఒక్క మాట మెచ్చుకోలేదు. నాలుగో వారం పెద్ద ఫిడేలాయన కాఫీ సాసరు తెచ్చి హార్మోనియం మీద పెట్టాడట. నాన్న అది ఇంటికొచ్చి మూడుసార్లు చెప్పాడు.

నాకు మాత్రం కంపరంగా ఉండేది. మా క్లాసు పిల్లల తాతల మధ్య, మఫ్లర్ చుట్టుకుని, కాళ్ళు ఆడిస్తూ కూర్చున్న మా నాన్న. ఆ ఊళ్ళో మేము ఎవరి కంటా పడకుండా ఉండాలన్నదే నా జీవితాశయం.

మధ్యవేసవి పండగ వచ్చింది. సరస్సు ఒడ్డున చితి పేర్చినట్టు కట్టెలు పేర్చి మంట పెడతారు. సూర్యుడు ఇంటికి వెళ్ళడానికి బద్ధకిస్తున్న మనిషిలా నీళ్ళ మీదే వేలాడుతుంటాడు. హాలు నిండిపోయింది. అమ్మ పట్టుచీర మీద స్వెటర్ వేసుకుంది. మా క్లాసు పిల్లలందరూ గోడవారన నిలబడ్డారు. మేళం పోల్కాలు వాయించింది, ముసలి జంటలు తిరిగాయి. అంతా సజావుగా, అంటే విసుగ్గా, సాగింది. చివరిది జంటలు నెమ్మదిగా తిరిగే ఒక వాల్ట్జ్, కీరవాణిలాంటి బాణీ. గుమ్మం దాకా నాలుగుసార్లు వెళ్ళొచ్చింది. ఫిడేళ్ళు ఆగాయి.

నాన్న ఆగలేదు.

ఇక్కడ రెండు ఆచారాలు చెప్పాలి. పద్యనాటకంలో నటుడు పద్యం ముగించినా హార్మోనియం ఆగదు. ఆయన స్టేజీ మీద కదులుతున్నంతసేపూ రాగం వెనక నడుస్తూనే ఉండాలి. నటుడు నిలబడి ఉండగా పెట్టె ఆపేసిన హార్మోనిస్టుని మర్నాడు టిఫిన్‌కి పిలవరు. అది నాన్న నేర్చుకున్న మర్యాద. ఫిన్నుల మర్యాద ఇంకొకటి. సంగీతం మోగుతున్నంతసేపూ జంట విడిపోకూడదు. మధ్యలో చేయి వదిలేస్తే భాగస్వామిని అవమానించినట్టు.

వాళ్ళు తిరుగుతున్నారు కాబట్టి ఈయన ఆపలేదు. ఈయన వాయిస్తున్నాడు కాబట్టి వాళ్ళు ఆగలేదు.

మొదటి ఐదు నిమిషాలు నాన్న ఆనందంగా రాగం విస్తరించాడు. ఇంతమంది ఇంత శ్రద్ధగా తన రాగానికి తిరగడం రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో ఎప్పుడూ జరగలేదు. వన్స్‌మోర్ అని అరవడం చేతకాని జాతి కాబట్టి ఇలా అడుగుతున్నారనుకున్నాడు. పెద్ద ఫిడేలాయన కమాను మోకాలి మీద పెట్టుకుని కిటికీలోంచి సరస్సుని చూశాడు. కంతెలె ముసలావిడ మాత్రం ఆపలేదు. రెండే తీగలు ఎంచుకుని తంబూరాలా మీటుతూ కూర్చుంది. పది నిమిషాలకి జంటల నడక నెమ్మదించింది. ఒక పెద్దాయన భార్య భుజం మీద తల ఆనించి దాదాపు నిద్రపోతూ తిరుగుతున్నాడు. ఒకావిడ చెప్పు జారిపోయింది, వంగి తీసుకోలేదు. ఒక జంట తిరుగుతూనే కాఫీ బల్ల దాకా వెళ్ళి, చెరొక గుక్కా తాగి, తిరుగుతూనే వెనక్కి వచ్చింది. నాన్న నుదుటి మీద చెమట. వీళ్ళు ఎప్పుడు ఆపుతారురా దేవుడా అన్నట్టు చూస్తున్నాడు. వాళ్ళ చూపూ అదే. నేను చెప్పేటప్పుడు ఇది రెండున్నర గంటలు. అమ్మ లెక్కలో ఇరవై నిమిషాలు.

ముందు ఓడిపోయింది బ్రీఫ్‌కేసు. తోలు మాసిక ఊడిపోయి, గాలితిత్తి ఈనుతున్న గేదెలా ఒక్క అరుపు అరిచి చప్పబడింది.

అందరూ ఎక్కడివాళ్ళక్కడ నిలబడ్డారు. చప్పట్లు లేవు, నవ్వు లేదు. గోడవారన మా క్లాసు పిల్లలు మాత్రం పొట్టలు పట్టుకున్నారు. పెద్ద ఫిడేలాయన వచ్చి వంగి, తిత్తి వైపు చూసి, "తోలు పోయింది," అని వెళ్ళిపోయాడు.

మా నాన్నకి అది తీర్పు. ఇంటికెళ్ళేటప్పుడు కారు ఆయన నడపలేదు, అమ్మ నడిపింది.

తర్వాతి మంగళవారం ఏడింటికి నాన్న పేపరు చదువుతూ కూర్చున్నాడు. నువ్వే వెళ్ళొచ్చుగా అని అమ్మ అంది. "పిలిస్తే వెళ్దాం," అన్నాడు. ఆ పై మంగళవారం కూడా అదే పేపరు, అదే మాట. ఫోను మోగినప్పుడల్లా పేపరు ఒక అంగుళం కిందికి దిగేది. వాళ్ళు పిలవలేదు. రోడ్డు మీద పిల్లలు నన్ను చూసి కాళ్ళు ఆడిస్తూ గేదెలా అరిచేవాళ్ళు. ఆ వేసవంతా నాకు అదే పేరు.

జూలైలో ఒకరోజు అమ్మ నన్ను మైదా తెమ్మని షాపుకి పంపింది. పిండి బస్తాల దగ్గర కంతెలె ముసలావిడ నిలబడుంది. నన్ను చూసి బుట్ట కింద పెట్టింది. బహుశా ఆవిడ ఇంగ్లీషులో మాట్లాడిన అతి పెద్ద ఉపన్యాసం అదే.

"మంగళవారం మంగళవారం మీ నాన్నకి కుర్చీ వేస్తున్నాం," అంది. "తిత్తికి కొత్త తోలు వేయించాం. ఆయన రావట్లేదు, ఏదో కారణం ఉండే ఉంటుంది, మనం అడక్కూడదు అంటున్నారు మావాళ్ళు. నేను నీకు చెబుతున్నాను. నువ్వు ఆయనకి చెప్పు."

సరే అన్నాను. ఆవిడ బుట్ట ఎత్తి, మళ్ళీ దించింది.

"నలభై ఏళ్ళుగా ఆ వాల్ట్జ్ వాయిస్తున్నాను. ఎప్పుడూ త్వరగా అయిపోయేది. ఈసారి అవలేదు."

ఇంటికి వచ్చాను. మైదా ఇచ్చాను. నాన్న ముందు గదిలో పేపరు వెనకాల ఉన్నాడు. నేను చెప్పలేదు.

మర్చిపోలేదు, భయపడలేదు, చెప్పలేదు. చెబితే వెళ్తాడు. మఫ్లర్ చుట్టుకుని, కాళ్ళు ఆడిస్తూ మళ్ళీ అందరి మధ్యా కూర్చుంటాడు. నాకు మళ్ళీ గేదె అరుపులు. ఆ మంగళవారం ఊరుకున్నాను. తర్వాతి మంగళవారం చెబుదామంటే, పోయిన వారమే ఎందుకు చెప్పలేదని అడుగుతాడు. అలా వారాలు గడిచేకొద్దీ ఆ మాట బరువెక్కింది. షాపులో ముసలావిడ కనబడితే వేరే వరసలోకి తప్పుకునేదాన్ని. అక్టోబర్లో మంచు పడింది. మేళం ఆగిపోయింది. ఆగిపోతున్నట్టు కూడా ఎవరికీ చెప్పలేదు, వాళ్ళ పద్ధతే అంత. రెండేళ్ళకి హాలు ఎవరో కొనుక్కుని పడవలు పెట్టుకున్నారు. మేం వర్జీనియా వచ్చేశాం. నాన్న మళ్ళీ హార్మోనియం జోలికి పోలేదు. కొనిస్తామన్నా, ఇప్పుడెందుకమ్మా అనేవాడు.

రాజుగారి ఏనుగు కథ నేను పార్టీల్లో వందసార్లు చెప్పాను. రెండున్నర గంటల వాల్ట్జ్ అంతకంటే ఎక్కువ. పిండి బస్తాల దగ్గరి మాట ఒక్కసారి కూడా చెప్పలేదు. వాళ్ళ సంగీతాన్ని వెక్కిరించాను, వాళ్ళ మౌనాన్ని వెక్కిరించాను. చెప్పాల్సిన మాట నోరు విప్పి చెప్పిన మనిషి ఆ ఊరంతటికీ ఆవిడొక్కతే. ఆ మాట మోసుకెళ్ళలేని మనిషి, నోరు కట్టేసినా ఆగదని పేరున్న నేను.

ఆదివారం కచేరీ అయిపోయింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, ఈలలు వేశారు. పార్కింగ్‌లో నాన్నకి సీట్ బెల్ట్ పెట్టి పక్కన కూర్చున్నాను. మా అమ్మాయి డ్రైవ్ చేస్తోంది. తాతా, ఎలా ఉంది అని అడిగింది.

"శ్రుతి కుదిరింది," అన్నాడు నాన్న. కాసేపు డేటా సెంటర్లని చూశాడు. "మా హాల్లో వాళ్ళకి నా వాయింపు నచ్చలేదమ్మా. మంచివాళ్ళు, మొహమాటం. మొహం మీద చెప్పలేక ఊరుకున్నారు."

నలభై ఏళ్ళు ఆయన ఆ పేపరు వెనకాల ఏం చదువుకున్నాడో అప్పుడు తెలిసింది నాకు.

చెప్పేశాను. మైదా, బుట్ట, కుర్చీ, కొత్త తోలు, త్వరగా అయిపోయే వాల్ట్జ్. నేను ఎందుకు చెప్పలేదో కూడా చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

నాన్న చివరిదాకా విన్నాడు. తర్వాత నా చేతి మీద చెయ్యేసి నవ్వాడు.

"బాగా అల్లావే. నాకు బాగుంటుందని అల్లావు."

"నిజం నాన్నా."

"అమ్మా, ఇది న్యూ వెర్షనా?" అంది ముందు సీట్లోంచి మా అమ్మాయి. "ఎప్పుడూ గేదె సౌండ్‌తో ఎండ్ చేస్తావ్ కదా."

ఒట్టు వేశాను. నా ఒట్లకి మా ఇంట్లో ఏం విలువుందో వాళ్ళిద్దరికీ తెలుసు. నాన్న తల వెనక్కి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. మొహంలో సంతోషం ఉంది, మంచి నాటకం చూసొచ్చిన మనిషి సంతోషం.

"ఇంకోసారి చెప్పు," అన్నాడు.

మళ్ళీ చెప్పాను. అదే వరసలో, అవే మాటలు.

"కుర్చీ దగ్గర ఇంకొంచెం పెంచవే," అన్నాడు.

పెంచడానికి అక్కడ ఏమీ లేదు. మంగళవారం మంగళవారం కుర్చీ వేశారు. ఆయన రాలేదు. అంతే జరిగింది.